తలకాయకు ఐసెవరు పోస్తారు?

అమెరికా వాడికి రొయ్య కావాలి, రొయ్య తలకాయ మాత్రం అక్కర్లేదు. కళ్లున్న తిండి పళ్లెంలోంచి తనవైపు చూస్తుంటే ముద్ద దిగదట. అంత సున్నితమైన ప్రాణం. ఆ సున్నితత్వం చెక్కుచెదరకుండా కాపాడే బాధ్యత భీమవరంలోనో, కాకినాడలోనో, విశాఖలోనో తెల్లారకముందే తడినేల మీద బారులు తీరి నిలబడ్డ ఆడవాళ్లది. ఒక చేత్తో ఒళ్లు పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో తల దగ్గర ఒక్క విరుపు. ఒళ్లు ఐసునీళ్ల టబ్బులోకి, తల కాళ్ల దగ్గరున్న బుట్టలోకి. కిలోకింత కూలి కాబట్టి తలెత్తి చూసే తీరిక ఉండదు, రొయ్యకైనా ఆమెకైనా.

ఆ విరుపుదాకా అది ఒకే ప్రాణి. చెరువు గట్టున పట్టుబడి రోజు ఐసు పోసినప్పుడు తలకీ ఒంటికీ కలిపే పోశారు. విరిచాక జాతకాలు వేరైపోయాయి. ఒంటికి ఏ చెరువుదో చెప్పే కాగితం, యాంటీబయాటిక్ లేదని చెప్పే పరీక్ష, మైనస్ 40 డిగ్రీల్లో గడ్డకట్టుడు, మైనస్ 18 డిగ్రీల కంటైనర్లో సముద్రయానం. తలకి నీలం డ్రమ్ము, ఆరుబయట ఎండ, పరామర్శకు వచ్చే ఈగలు. రొయ్యకు జీర్ణగ్రంథి ఉండేది తలలోనే. ప్రాణం పోయాక అందులోని ఎంజైములు దేన్ని అరిగించాలో తెలియక తమ తలనే అరిగించుకోవడం మొదలుపెడతాయి. చూస్తుండగానే నల్లబడుతుంది. మధ్యాహ్నానికి డ్రమ్ము పక్కనుంచి నడవలేం. అప్పుడు మేనేజరుగారు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని దానికి నామకరణం చేస్తారు: వ్యర్థం.

ఇదేం చిటికెడు సంగతి కాదు. వెనామీ రొయ్య బరువులో తల, పెంకు కలిపి 40 నుంచి 50 శాతం. 2023-24లో దేశం ఎగుమతి చేసిన గడ్డకట్టిన రొయ్య 7 లక్షల టన్నుల పైమాట, విలువ దాదాపు 40 వేల కోట్ల రూపాయలు. దేశంలో పెంచే రొయ్యలో సింహభాగం ఆంధ్రప్రదేశ్‌దే. ఈక్వెడార్ వాడు తలతో సహా చైనాకు పంపి చేతులు దులుపుకుంటాడు. మనం ఎక్కువగా తల తీసి, పెంకు ఒలిచి, కొన్నిసార్లు తోక కూడా సవరించి, పెళ్లికూతుర్ని చేసి పంపుతాం. పెళ్లికూతురు అత్తారింటికి, లక్షల టన్నుల తలకాయలు మన పెరట్లోకి.

ఈ తలకాయల మీద మన పెద్దలకు చింత లేదనడం పాపం. సదస్సులు పెడుతున్నారు కదా! విశాఖ బీచ్ రోడ్డులో సముద్రం కనపడే హోటలు, లోపల సముద్రం కనపడకుండా కర్టెన్లు, వెనక ‘వ్యర్థం నుంచి అర్థం’ అని బ్యానరు. ఏ సదస్సుకెళ్లినా అవే నాలుగు స్లయిడ్లు. మొదటి దానిలో భూగోళం. రెండోదానిలో పైకిపోయే బాణం. మూడోదానిలో గాజుగిన్నెలో తెల్లటి పొడి, పక్కన డాలర్లలో ధర. నాలుగోదానిలో కడిగి, తుడిచి, నిమ్మచెక్క పక్కన కూర్చోబెట్టి ఫొటో తీసిన రొయ్య తలకాయ; ఏ షెడ్డులోనూ ఎవరూ ఎన్నడూ చూడని తలకాయ. భోజనంలో ముల్లు లేని అపోలో ఫిష్. ఆ ముళ్లూ తలలూ ఎటెళ్లాయని వంటవాణ్ణి అడిగినవాడు లేడు. సంతకాలైతే బోలెడు. పొడి తయారవుతుంది, ఉపాధి దొరుకుతుంది, పోషకాహారం పండుతుంది, అన్నీ కాగితం మీదే. మధ్యలో వెనక వరసలోంచి పీలింగ్ షెడ్డు నడిపే ఓ మనిషి లేచి, “అయ్యా, అంతా బాగుందండీ. తలకాయకి ఐసెవరు పోస్తారండీ?” అంటాడు. “చాలా మంచి ప్రశ్న” అంటారు అధ్యక్షులవారు. “టీ తర్వాత మాట్లాడుకుందాం.” టీ తర్వాత వందన సమర్పణ.

ఆ ఒక్క ప్రశ్న తప్ప ఈ వ్యవహారంలో మిగతా అంతా ఎప్పుడో తేలిపోయింది. తలలూ ముక్కలూ ముళ్లకంటిన మాంసమూ ప్రొటీన్ పొడిగా మారడం బ్రహ్మవిద్య కాదు. తాజా సరుకుని మెత్తగా నూరాలి, నీళ్లు కలపాలి, 55 డిగ్రీల దగ్గర ఉంచి ప్రొటీన్‌ని ముక్కలుగా కోసే ఎంజైము వేసి గంటో రెండు గంటలో తిప్పాలి. ముదురు మటన్లో మనవాళ్లు వేసే పచ్చి బొప్పాయి ముక్కలో ఉండే పపైన్‌కి కూడా ఈ పని వచ్చు. ఆ తర్వాత 90 డిగ్రీల దాకా వేడిచేసి ఎంజైముని ఆపెయ్యాలి. మితిమీరి కోయనిస్తే పొడి చేదెక్కుతుంది. అదొక్కటే ఇందులో చెయ్యి తిరగాల్సిన చోటు. ముళ్లూ పెంకులూ ఒకవైపు, నూనె ఒకవైపు, ప్రొటీన్ కరిగిన నీళ్లు ఒకవైపు విడదీసి, ఆ నీళ్లని చిక్కబరిచి స్ప్రే డ్రయ్యర్లో పొడి కొడితే అందులో 80 శాతం దాకా ప్రొటీన్ ఉంటుంది. సూపులోకి, సాసులోకి, నూడుల్స్ మసాలాలోకి, రోగులకిచ్చే పానీయంలోకి పోతుంది.

అయితే ఆ ఎంజైముకి ఒక వెధవ అలవాటుంది. ఇచ్చినదాన్నే కోస్తుంది. కుళ్లినదాన్ని ఇస్తే కుళ్లినదాన్నే శ్రద్ధగా కోసిపెడుతుంది. సముద్రపు చేప చెడేటప్పుడు పుట్టే ఆ నీచు వాసన పొడిలోకీ వస్తుంది. సూర, కానాగంత లాంటి చేపల తలలూ పేగులూ ఐసు లేకుండా ఉంటే హిస్టమిన్ పుడుతుంది, దాన్ని ఎంత ఉడికించినా పోదు. రొయ్య తలలోని గ్రంథిలో కాడ్మియం లాంటి లోహాలు పేరుకునే వీలుంది కాబట్టి అసలు ఒంటికన్నా తలకే ఎక్కువ పరీక్షలు కావాలి. మన ఏర్పాటేమో తలకిందులు. ఐసూ పరీక్షా ఒంటికి, ఎండా ఈగా తలకి, సదస్సు మాత్రం తల పేరు మీద.

షెడ్డు యజమానిని తిట్టడం తేలిక. ఆయన లెక్క ఆయనది. తలకాయకు తిండి ధర ఇచ్చేవాడు రాకుండా ఐసు ఎందుకు పోస్తాడు? తిండి ధర ఇస్తానన్నవాడు ఐసు పోయని తలకాయ కొంటాడా? ఇద్దరూ ఒకరి గుమ్మం ముందు ఒకరు నిలబడి “తమరు ముందు” అనుకుంటూ ఉండగా డ్రమ్ములో ఉన్నది మూడో గుమ్మం చూసుకుంటుంది: ఎరువు, ఫిష్‌మీల్, లేదంటే ఊరి చివరి డ్రెయిన్. ముందడుగు వేయించాల్సిన ప్రభుత్వం దగ్గర డబ్బు లేదనుకోకండి. బ్యానర్ల డబ్బుతో ఎంత ఐసు వస్తుందో ఎవరూ లెక్క వెయ్యలేదంతే.

చేపల సంగతి ఇంకా ముచ్చట. రాష్ట్రంలో ఏడాదికి 50 లక్షల టన్నులకు పైగా చేపా రొయ్యా పండుతున్నాయని చెప్పి, “అందులో సగం వ్యర్థమనుకున్నా...” అని గాల్లో గుణకారం చేసే నిపుణులున్నారు. కైకలూరులోనో ఆకివీడులోనో రోడ్డు పక్కన ఒక పూట నిలబడితే గుణకారం దిగిపోతుంది. బొచ్చె, శీలావతి తల మొదలు తోక దాకా నిండు శరీరంతో, ఐసు కప్పుకుని, లారీలెక్కి హౌరాకీ గువాహటికీ పోతాయి. కోసేది అక్కడి కత్తిపీట, పొలుసు రాలేది అక్కడి అరుగు మీద. కొల్లేటి గట్టున చేప వ్యర్థాల ప్లాంటు పెడితే అది ముడిసరుకు కోసం బెంగాల్ రైలు ఎక్కాలి. అక్కడివాళ్లు మనకోసం ఆగారా ఏమిటి? బంగ్లాదేశ్‌లో మార్కెట్ల నుంచి పొలుసులు ఏరి, కడిగి, ఎండబెట్టి కొల్లాజెన్ తీసే దేశాలకు ఎగుమతి చేస్తున్నారు. సదస్సు పెట్టారో లేదో గానీ పొలుసులు మాత్రం ఎండబెట్టారు.

మరి మనం ఏమీ చెయ్యలేదా అంటే, చేశాం. కొచ్చిలో 1957లో మొదలైన కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ శాస్త్రవేత్తలు రొయ్య పెంకు నుంచి కైటిన్ అనే పీచులాంటి పదార్థాన్నీ, దాన్నుంచి కైటోసాన్‌నీ తీసే పద్ధతిని 1970ల్లోనే రాసిపెట్టారు. వాళ్ల కేంద్రం ఒకటి విశాఖలోనే ఉంది. ఆ దారిన పోయిన ఫ్యాక్టరీలూ ఉన్నాయి. పాత పద్ధతి ఏమంటే, పెంకుని ఆమ్లంలో నానబెట్టి సున్నం వదిలించడం, తర్వాత కాస్టిక్ సోడాలో ఉడికించి ప్రొటీన్ వదిలించడం, మిగిలిన కైటిన్‌ని అమ్ముకోవడం. ఎండు పెంకులో మూడో వంతు దాకా ప్రొటీనే. అది సోడా నీళ్లతో కలిసి ఎక్కడికి పోయింది? కాలువకి. వ్యర్థంలో సంపద వెతకబోయి సంపదలో పెద్ద ముక్కని వ్యర్థం చేసి, పైగా ఆ నీళ్లని శుద్ధి చెయ్యడానికి ఖర్చు పెట్టడం (పెడితే) ఒక కళ. సోడా బదులు ముందు ఎంజైము వాడితే ప్రొటీన్ తినడానికి పనికొస్తుంది, ఆస్టాజాంథిన్ అనే ఎర్రరంగు కూడా దక్కుతుంది, కైటిన్ ఎటూ ఉంటుంది. దానికి కావలసిందల్లా తాజా పెంకు. మళ్లీ అదే వెనక వరస మనిషి, అదే ప్రశ్న.

కాలువ అన్నాను కాబట్టి చెప్పాలి. 2016లో భీమవరం దగ్గర తుందుర్రు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆక్వా ఫుడ్ పార్కు నీళ్లు గొంతేరు డ్రెయిన్లో కలుస్తాయని రోడ్డెక్కితే, జవాబుగా ఆ ఊళ్లలో 144 సెక్షన్ దిగింది. ఇకమీదట ఏ ఊళ్లోనైనా ప్రొటీన్ ప్లాంటు పెడతామని వెళ్లేవాళ్లు ఆ సంగతి చదువుకుని వెళ్లడం మంచిది. గ్రామస్తుల ముక్కు నాలుగు స్లయిడ్లకు లొంగే రకం కాదు.

“ఎన్ని చెప్పినా అది అసహ్యమండీ, తలలూ పేగులూ మనుషుల తిండి ఏమిటి” అనే పెద్దమనుషులకు అమెరికాలో అన్నగార్లున్నారు. 1960ల మొదట్లో ఇలినాయ్ రాష్ట్రంలో ఒక కంపెనీ చేపని తల, తోక, పేగులతో సహా నూరి, కొవ్వు తీసేసి, వాసన లేని పిండి తయారుచేసింది. ఆకలి దేశాల పిల్లలకు పనికొచ్చే చవక ప్రొటీన్ అన్నారు. 1962లో అక్కడి ఆహార ఔషధ సంస్థ, ఎఫ్‌డీఏ, ఈ పిండిని మురికి కింద జమకట్టింది. అది తింటే జబ్బు చేస్తుందని కాదు. తలా పేగులూ ఉన్నాయని తెలిస్తే సగటు అమెరికన్‌కి ఒళ్లు జలదరిస్తుందని. ఆ జలదరించే అమెరికన్ అప్పటికే ఆయిస్టరుని పచ్చిగా, పేగుతో సహా, నిమ్మరసం పిండుకుని మింగుతున్నాడు. దానికి మాత్రం వెండి ఫోర్కు. ఇలినాయ్ సెనేటర్ పాల్ డగ్లస్ ఏళ్ల తరబడి ఎఫ్‌డీఏతో పోట్లాడాడు. చివరికి 1967లో, హేక్ జాతి చేపతో చేస్తేనే అనీ, ఇళ్లకు అమ్మితే పౌనుకు మించని పొట్లాల్లోనే అనీ షరతులు పెట్టి ఒప్పుకున్నారు. ఈలోపు పిండి మీద మోజు తీరిపోయింది. రుచీ పచీ లేని పొడిని ఆకలిగా ఉన్నవాడు కూడా ఇష్టపడడని కనిపెట్టడానికి అన్ని డాలర్లు పట్టాయి. మన కోస్తాలో రొయ్య తలలు దంచి, రసం పిండి పులుసులో పోసే ఏ పిన్నిగారిని అడిగినా ఊరికే చెప్పేది.

అసహ్యం పేగులో ఉండదు, ధరలో ఉంటుంది. నమ్మకం లేకపోతే అంతర్వేది, కాకినాడ రేవుల్లో కచ్చిడి చేప పడ్డ రోజు చూడండి. ఒడ్డున జాతర. ఒక్క చేపకి లక్షల్లో పాట. మాంసానికి కాదు ఆ రేటు, పొట్టలో ఉండే గాలితిత్తికి. అది ఎండి, దేశాలు దాటి, విందుల్లో సూపవుతుంది. పక్క గంపలో ఇంకో చేప పేగులు కాకులకు. కాకులు తేడా చూపించవు.

ఐస్‌లాండ్‌లో కాడ్ చేప తలల్ని వేడినీటి ఊటల ఆవిరితో ఎండబెట్టి నైజీరియాకు అమ్ముకుంటున్నారు, ఏళ్లుగా. అదే చేప తోలుతో మానని పుండ్లకు పట్టీలు చేసే కెరెసిస్ అనే కంపెనీ అక్కడి ఒక చిన్న రేవూళ్లో పుట్టింది. 2023లో డెన్మార్క్ సంస్థ కొలోప్లాస్ట్ దాన్ని 130 కోట్ల డాలర్ల దాకా ఇచ్చి కొనేసింది. ఈ కథ మన సదస్సుల్లో ప్రతిసారీ చెబుతారు, చప్పట్లు కొడతారు. ఆ తోలు పడవ మీద నుంచే చల్లగా వచ్చిందన్న వాక్యం దగ్గరికి వచ్చేసరికి మైకు కీచుమంటుంది.

ఇక కొనేవాళ్ల సంగతి. ఆదివారం హైదరాబాద్ రాంనగర్ చేపల మార్కెట్లో, “భయ్యా, తల వద్దు, తోలు తీసెయ్, ముల్లు లేకుండా కొట్టు” అని పురమాయించి తెచ్చుకునే కాపురాలు నాకు బాగా తెలుసు. తోలు కత్తిపీట కింద మిగిలిపోతుంది. అదే ఇంటికి కొరియరు వాడు సాయంత్రం పొడి డబ్బా తెస్తాడు. అలాంటి ఒక కూకట్‌పల్లి ఫ్లాట్లో కోడలు ఆ పొడిని గోరువెచ్చని నీళ్లలో కలుపుతుంటే, నర్సాపురం నుంచి వచ్చిన అత్తగారు అడిగింది.

“ఏంటమ్మా అది?”

“మెరైన్ కొల్లాజెన్ అత్తయ్యా. చర్మం బిగువుగా ఉంటుందట.”

“ఏ చేపదమ్మా?”

“చేపది కాదత్తయ్యా, మెరైన్.”

అత్తగారు వాసన చూసింది. “పొద్దున్నకి పులుసు గడ్డకడితే నువ్వు పారబోసేది ఇదే” అని టీవీ పెట్టుకుంది.

ఆవిడ చెప్పింది కరెక్టు. చేప తోలు, పొలుసు, ముల్లు ఉడికితే వచ్చే జిగురే కొల్లాజెన్ బంధువు. వియత్నాం వాడు పంగాస్ తోలుతో ఆ పరిశ్రమే పెట్టుకున్నాడు. ఇందులో ఇంకో తమాషా ఉంది. డబ్బా మీద ప్రొటీన్ అని పెద్దక్షరాల్లో రాసి ఉంటుంది గానీ, మనిషికి తప్పనిసరి అమైనో ఆమ్లాల్లో ఒకటైన ట్రిప్టోఫాన్ కొల్లాజెన్‌లో లేదు. అంటే చేపలో ఉన్న ప్రొటీన్లన్నిట్లోకీ పోషణలో పేదది ఏదో, దానికే అందరికన్నా గొప్ప ధర. తల బుగ్గల్లో, వెన్నుముల్లు పక్కన అంటుకున్న నిండు మాంసం, అన్ని అమైనో ఆమ్లాలూ ఉన్నది, దానికి డబ్బా లేదు, ఇన్‌స్టాగ్రామ్ లేదు. అది కూలిపిల్లాడి పులుసులోకైనా రావాలి, లేదా డ్రమ్ములోకి పోవాలి.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతానికి చేర్చినప్పుడు భీమవరం నుంచి ఢిల్లీ దాకా అందరూ రొయ్య ఒంటి మీద పడి ఏడ్చారు. ఏడవాల్సిందే, రైతు నిజంగానే మునిగాడు. కౌంటు రేట్లు పడిపోయాయి. కొత్త మార్కెట్లు వెతకాలన్నారు, యూరప్ అన్నారు, రష్యా అన్నారు, మనవాళ్లే ఎక్కువ తినాలన్నారు. వీసా అక్కర్లేని సగం రొయ్య ఇంటి వెనక డ్రమ్ములో ఉందని ఒక్కరికీ తట్టలేదు. పాపం, గాలి అటువైపు వీచినప్పుడు తట్టి ఉంటుంది గానీ కిటికీ మూసేశారు.

నాకేం నిపుణత లేదు కాబట్టి ఒక చిన్న నిబంధన మాత్రం ప్రతిపాదిస్తున్నాను. వచ్చే సదస్సు రోజు, ఆ హోటలు వంటింట్లో మధ్యాహ్నం భోజనానికి ఒలిచే రొయ్యల తలకాయలు రెండు స్టీలు పళ్లాల్లో తెచ్చి వేదిక మీద పెట్టాలి. ఒక పళ్లెంలో తలల మీద ఐసు, రెండోదానిలో ఉత్త తలలు, మన షెడ్డు పద్ధతిలో. జ్యోతి వెలిగించినప్పటి నుంచి వందన సమర్పణ దాకా ఎవరూ వాటిని కదపకూడదు, ఏసీ కూడా వెయ్యకూడదు. కర్టెన్లు తీసెయ్యాలి. చివర్లో రెండో పళ్లెం పక్కన ఎవరు మిగిలి ఉంటే కమిటీకి వారే అధ్యక్షులు. ఎవరూ మిగలకపోతే వెనక వరసలో ఆ షెడ్డు మనిషి కూర్చునే ఉంటాడు, ఆయనకి అలవాటే. మైకు ఆయనకివ్వండి, టీకి ముందే.